పాత సైకిలును తిరిగి కట్టుకోవడం: టేపు ముందు, పానా తర్వాత

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు నీట మునిగినప్పుడు, మా బంధువుల ఇంటి కింది వాటాలో గోడకు ఆనించి ఉన్న ఒక పాత నల్ల సైకిలు రోజుల తరబడి బురద నీటిలోనే నిలబడి ఉండిపోయింది. నీళ్లు తీశాక దానిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామని వాళ్లు అనుకుంటూ ఉంటే, నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు నెలల ఆదివారాలు దానితోనే గడిచాయి. ఇంట్లో పాత ఇనప సైకిలు ఉండి, దానిని ఈ కాలపు రోడ్డుకు తగినట్టు మార్చుకోవాలనుకునే వారికి పనికివస్తుందని, నేను చేసిన తప్పులతో సహా ఆ పనిని వరుసగా రాస్తున్నాను.

మొదటి తప్పు మొదటి ఆదివారమే జరిగింది. పాత టైరు మీద 28 అని కనిపించింది కాబట్టి 28 అని రాసి ఉన్న కొత్త టైరు తెచ్చాను. ఒక వైపు అంచు ఎక్కించడానికే చెమటలు పట్టాయి. రెండో వైపు ఎంత లాగినా రిమ్ముకు ఒక వేలి మందం ఇవతలే ఆగిపోయింది. అరగంట పెనుగులాడి, ఒక టైరు లీవరు విరగ్గొట్టి, చివరకు చక్రాన్ని భుజాన వేసుకుని వీధి చివరి సైకిలు షాపుకు వెళ్లాను. ఆ పెద్దాయన టైరును తిప్పి చూసి, “బాబూ, పేరు చూసి కొన్నావు, కొలత చూడలేదు” అన్నారు. టైరు పక్క భాగాన, పెద్ద అంకెల కింద, చిన్న అచ్చులో 37-622 అని ఉంది. మన పాత సైకిళ్ల 28×1½ టైరు మీద 40-635 అని ఉంటుంది. గీతకు ముందున్న అంకె టైరు వెడల్పు, గీత తర్వాత ఉన్న మూడు అంకెలు టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 622కూ 635కూ మధ్య తేడా 13 మిల్లీమీటర్లు. ఆ తేడాను ఏ లీవరూ పూడ్చలేదు. 26 అంగుళాలన్న పేరుతోనూ ఇదే చిక్కు ఉంది: మౌంటెన్ బైకుల 26కు 559, పాత లేడీస్ సైకిళ్ల 26×1⅜కు 590. అంగుళాలు పిలుచుకునే పేరు మాత్రమేనని, గీత తర్వాతి మూడంకెలే అసలు కొలత అని గుర్తు పెట్టుకుంటే సగం ఖర్చు మిగులుతుంది.

ఇక ఏం మార్చాలన్న ప్రశ్న. ఈ పని మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ముందు గేర్ల గురించే అడుగుతారు, నేనూ అడిగాను. కానీ విజయవాడలో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు, గుణదల కొండ, కొన్ని ఫ్లైఓవర్లు తప్పిస్తే సైకిలు తొక్కేవాడి కాలికి ఎక్కుడు అన్నది పెద్దగా తగలదు. బందరు రోడ్డయినా, ఏలూరు కాలువ గట్టయినా, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు వెళ్లే కరకట్ట అయినా డెల్టా నేల బల్లపరుపుగానే ఉంటుంది. ఈ ఊళ్లో సైకిలును ఇబ్బంది పెట్టేవి ఎండ, వాన, తుప్పు, సడన్‌గా అడ్డం వచ్చే ఆటో. అందుచేత నా లెక్కలో బ్రేకులు, చక్రాలు, బేరింగులు ముందు; కూర్చునే తీరు ఆ తర్వాత; గేర్లు, రంగు చివరన. మెరిసే గేరు సెట్టు కొని వంకర చక్రానికి బిగించిన సైకిళ్లను నేను చాలానే చూశాను.

విప్పక ముందు

ఫ్రేము నిటారుగా ఉందో లేదో తేలకుండా ఒక్క సామాను కూడా కొనకూడదు. తల గొట్టం (హ్యాండిల్ కాడ దిగే ముందు గొట్టం) వెనక, పై గొట్టం, కింది గొట్టం దానిని కలిసే చోట, రంగు ముడతలు పడి ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేనినో గుద్దిందని అర్థం. అలాంటి ఫ్రేము మీద ఖర్చు పెట్టకపోవడమే మేలు. ముడతలు లేకపోతే దారంతో పరీక్షించాలి. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే చోట ఒక వైపు దారం కట్టి, దానిని ముందుకు తెచ్చి తల గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు అదే చోటికి బిగుతుగా లాగి కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికి రెండు పక్కలా ఉన్న దారానికీ మధ్య ఖాళీని స్కేలుతో కొలవాలి. రెండు ఖాళీలూ సమానంగా ఉంటే వెనక త్రికోణం నడిమధ్యలోనే ఉంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఇనప ఫ్రేమును అనుభవమున్న చేత వంచి సరిచేయించుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ఎంత కొద్దిగానైనా వంచకూడదు, అది వంగి నిలవదు, పగులుతుంది.

అదే సమయంలో వెనక ఇరుసు కూర్చునే రెండు పలకల మధ్య దూరాన్ని కూడా కొలిచి కాగితం మీద రాసుకోవాలి. పాత ఒంటి ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) సైకిళ్లలో అది 110 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ కాలపు రోడ్డు సైకిళ్ల రిమ్ము బ్రేకు హబ్బులు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగాలు) 130, మౌంటెన్ బైకువి 135. హబ్బు మీద మనసు పడి ముందే కొనేసి, తర్వాత ఫ్రేమును చీల్చినట్టు సాగదీయడం నేను చూసిన మరో సాధారణ తప్పు.

వరదలో మునిగిన సైకిలుకు ఇంకొక పని ఉంది. సీటు పిన్ను తీసి ఫ్రేమును తలకిందులు చేసినప్పుడు నా సైకిలు గొట్టం లోంచి బూడిద రంగు బురద, గడ్డ పెరుగులా ముద్దలుగా జారి పడింది. దానిని నీళ్లతో కడిగి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, లోపల ఇంజను ఆయిలు పోసి అన్ని వైపులకూ తిప్పాను. క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) ఇరుసు ఉండే గూడు అడుగున చిన్న కన్నం ఉంటే దానిని మూయకండి. లోపలికి చేరిన నీరు బయటికి పోయేది అక్కడి నుంచే.

విప్పడం

ప్రతి భాగాన్నీ విప్పక ముందు సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. వైసర్లు ఏ వరుసలో ఉన్నాయో మూడు వారాల తర్వాత ఎవరికీ గుర్తుండదు. తర్వాత వరుస ముఖ్యం. వెనక చక్రాన్ని కొత్తగా అల్లాలనుకుంటే ఫ్రీవీలును తప్పనిసరిగా ముందే విప్పాలి. చువ్వలు కోసేసిన హబ్బు చేతిలో చిన్న బొంగరంలా మిగులుతుంది, దానిని పట్టుకుని ఏళ్ల తరబడి తొక్కుడుకు బిగిసిపోయిన ఫ్రీవీలును తిప్పే బలం ఎవరి దగ్గరా ఉండదు. చక్రం రిమ్ముతో సహా ఉన్నప్పుడు, ఫ్రీవీలు టూలును వైసులో పట్టించి, రిమ్మునే స్టీరింగులా తిప్పితే పని తేలికగా అవుతుంది.

పెడళ్లలో కుడిది మామూలు మర. ఎడమది ఎదురు మర. ఈ రెంటినీ ఒకే సూత్రంతో గుర్తు పెట్టుకోవచ్చు: పానాను పెడల్ ఇరుసుకు పట్టించి పిడి పైకి ఉండేలా నిలబెడితే, ముందు చక్రం వైపు లాగితే బిగుసుకుంటుంది, వెనక చక్రం వైపు లాగితే వదులవుతుంది, ఏ వైపు పెడలైనా అంతే. క్రాంకు గూడు కప్పుల్లో మాత్రం చైను ఉన్న కుడి వైపు కప్పు ఎదురు మర, ఎడమది మామూలు మర. కుడి కప్పును మామూలు మర అనుకుని సుత్తితో కొట్టి మరీ బిగించిన వాళ్లలో నేనూ ఒకడిని.

క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుల దగ్గర ఓపిక కావాలి. నట్టును పూర్తిగా తీసేయకుండా, దాని పై అంచు పిన్ను చివరతో సమానంగా వచ్చే దాకా మాత్రమే వదులు చేయాలి, అప్పుడు సుత్తి దెబ్బకు మరలు నలగవు. ఆ తర్వాత క్రాంకు కింద, పిన్ను తలకు పక్కగా, నేల దాకా ఆనేటట్టు ఒక ఇనప గొట్టం ముక్కను నిలబెట్టాలి. ఈ ఆధారం లేకుండా కొడితే దెబ్బ అంతా లోపలి గుండ్లకూ కప్పులకూ తగులుతుంది. పది చిన్న దెబ్బల కంటే ఒక్క గట్టి దెబ్బ మంచిది. తిరిగి బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కులకు చూడాలి; ఒకే దిక్కుకు పెడితే రెండు పెడళ్లూ ఒకే సరళరేఖలో రావు, తొక్కుతుంటే కాలు కుంటినట్టు ఉంటుంది.

గుండ్లు, గ్రీజు

షాపుల్లో ఓవరాయిలింగ్ అని పిలిచే పని ఇదే, ఇంట్లో చేసుకుంటే మరింత శ్రద్ధగా జరుగుతుంది. పాత గుండ్లను కడిగి మళ్లీ వాడాలనే ఆశ వద్దు. కొత్తవి చవక, అరిగిన గుండు మాత్రం కోనును (ఇరుసు మీద గుండ్లను ఆనించి ఉంచే నట్టును), కప్పును తినేస్తుంది. సాధారణంగా ముందు హబ్బుకు ఒక్కో వైపు 3/16 అంగుళం గుండ్లు 10, వెనక హబ్బుకు ఒక్కో వైపు పావు అంగుళంవి 9, క్రాంకు గూడుకు ఒక్కో వైపు పావు అంగుళంవి 11 పడతాయి. లెక్క మరిచిపోతే, కప్పు నిండా పేర్చి, చివరన ఒక గుండు పట్టీ పట్టనంత ఖాళీ మిగిలేలా చూసుకుంటే సరిపోతుంది. బలవంతంగా ఇరికించిన గుండు మిగతా వాటిని తిరగనివ్వదు.

కప్పులను కిరసనాయిలుతోనో డీజిలుతోనో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుగులో చూడాలి. గుండ్లు నడిచిన దారి సన్నని మెరిసే గీతలా ఉంటే అది మంచి కప్పు; ఆ గీత మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే మార్చాలి. నా సైకిలు వెనక హబ్బులో ఎడమ కోను మీద తుప్పు గుంటలు వరుసగా కనిపించాయి, వరద నీళ్లు అక్కడే నిలిచాయన్నమాట. కొత్త కోను వేశాక, గ్రీజు ధారాళంగా పూసి, కోనును చేత్తో తాకేంత బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ నట్టు బిగించాలి. అప్పుడు ఇరుసును వేళ్లతో తిప్పితే ఇసుక మీద తిరిగినట్టు ఉండకూడదు, పక్కలకు ఊపితే కదలకూడదు. ఈ రెంటి మధ్య చోటు దొరికే దాకా మూడు నాలుగు సార్లు విప్పి బిగించాల్సి వస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చక్రాలు, బ్రేకులు

ఈ రెంటినీ విడదీసి ఆలోచించలేం. పాత నల్ల సైకిలు కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి పట్టుకోవు. రిమ్ము లోపలి ముఖాన్ని, చువ్వల వైపు నుంచి, హబ్బుకు దూరంగా బయటికి నొక్కుతాయి. ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి, వాటి మీద కాలిపర్ (రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే బ్రేకు) రబ్బరు నిలవదు. పైగా క్రోమ్ పూత వేసిన ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు ముందు నీళ్లు తుడిచి ఆ తర్వాత పట్టుకుంటుంది; జూలై వానలో బెంజి సర్కిల్ దగ్గర ఆ ఒక్క క్షణం చాలా పెద్దది.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, పాత రూపాన్ని కాపాడుకుంటూ 635 రిమ్ములు, కడ్డీ బ్రేకులు ఉంచుకుని, కడ్డీల కీళ్లన్నిటికీ నూనె వేసి, కొత్త రబ్బర్లు వేసి, వానలో నెమ్మదిగా వెళ్లడం. మెల్లగా మార్కెట్టుకు వెళ్లి వచ్చే వారికి ఇదే చాలు. రెండోది, 622 అల్యూమినియం రిమ్ములకు మారి కాలిపర్ బ్రేకులు పెట్టుకోవడం. నేను రెండోది ఎంచుకున్నాను, దాని వెంట వరుసగా వచ్చే మార్పులన్నిటినీ ముందే ఊహించలేదు. పాత సైకిలులో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలుంటాయి. బజారులో దొరికే 622 రిమ్ములు ఎక్కువగా 32 లేదా 36 కన్నాలవి. కాబట్టి ముందు హబ్బు మిగలవచ్చు గానీ వెనక హబ్బు మారాలి. హబ్బు మారితే పలకల మధ్య దూరం చూసుకోవాలి, రిమ్ము మారితే చువ్వల పొడవు మారుతుంది. అందుకే చువ్వలను ఎప్పుడూ చివరన, రిమ్మునూ హబ్బునూ ఎదురుగా పెట్టుకుని కొలిచాకే కొనాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే చువ్వ నిపుల్ (చువ్వను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) లోంచి పొడుచుకు వచ్చి ట్యూబును గుచ్చుతుంది, లేదా మరలు సగమే పడతాయి.

కాలిపర్ చేతుల పొడవు కూడా కొలతే. బ్రేకు బోల్టు కన్నం మధ్య నుంచి కొత్త రిమ్ము పక్క భాగం మధ్య దాకా ఎంతుందో కొలవండి. 635 నుంచి 622కు దిగితే రిమ్ము అంచు 6.5 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. మామూలు రోడ్డు సైకిలు కాలిపర్లు 50 మిల్లీమీటర్ల లోపే అందుతాయి, పాత ఫ్రేముకు అది చాలదు. పొడవు చేతుల కాలిపరే వెతుక్కోవాలి. ఫోర్కు కన్నం సన్నమైతే ఆటోనగర్‌లో ఏ లేత్ పనివారైనా ఐదు నిమిషాల్లో పెద్దది చేస్తారు. ఎంత పెద్దది చేయాలో మాత్రం బోల్టును చేత పట్టుకుని వెళ్లి చూపించండి.

చక్రం అల్లడం నేర్చుకోదగిన పని. 36 చువ్వల చక్రంలో ఒక్కో చువ్వ తన వైపు చువ్వల్లో మూడింటిని దాటుతుంది, మూడోదాని దగ్గర అటు నుంచి ఇటు మారి అల్లుకుంటుంది. బెండు తీసేటప్పుడు సైకిలును తలకిందులు చేసి, ఫోర్కుకు ఒక ప్లాస్టిక్ పట్టీ కట్టి, దాని కొనను రిమ్ముకు దగ్గరగా పెట్టండి. రిమ్ము కుడికి తగిలితే అక్కడ హబ్బు ఎడమ వైపు చువ్వను పావు చుట్టు బిగించి, కుడి వైపు దానిని పావు చుట్టు వదలాలి. పావు చుట్టుకు మించి ఒక్కసారి తిప్పకూడదు. చివరన ఒక వైపు చువ్వలన్నిటినీ వరుసగా వేలితో మీటి వినండి. వీణ తీగల్లా అన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి మొద్దుగా మోగితే అది వదులుగా ఉన్నట్టు. నా మొదటి చక్రం మీద మూడు సాయంత్రాలు పట్టాయి, రెండోదానికి ఒకటే.

ఎండాకాలం గురించి ఒక మాట. ఎండకు ట్యూబు పేలుతుందని మే నెలలో గాలి సగమే కొట్టించుకునే వాళ్లున్నారు. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 50 పీఎస్‌ఐ నింపిన టైరు, మధ్యాహ్నం 50 డిగ్రీలకు వేడెక్కినా 55 పీఎస్‌ఐ దగ్గరే ఆగుతుంది. మంచి టైరుకు అది లెక్కే కాదు. పేలేది పగుళ్లు పట్టిన టైరు, లేదా ఎక్కించేటప్పుడు అంచు కింద నలిగిన ట్యూబు. గాలి తక్కువైతేనే గుంతల్లో రిమ్ము దెబ్బతింటుంది. కాలువ గట్ల మీద తుమ్మ ముళ్లకు మాత్రం పాత ట్యూబును చీల్చి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరిస్తే చాలావరకు అడ్డుకుంటుంది.

గేరు, ఎత్తు, రంగు

గేర్లు పెట్టకుండానే తొక్కుడు తేలిక చేసుకోవచ్చు. ముందు చైన్‌వీలుకు 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 ఉన్న 28 అంగుళాల సైకిలు, పెడలు ఒక్క చుట్టుకు దాదాపు ఐదున్నర మీటర్లు కదులుతుంది. ఫ్రీవీలును 20 పళ్లదానికి మారిస్తే అది ఐదు మీటర్లకు కొంచెం లోపు, అంటే పదో వంతు తేలిక. బ్యారేజీ మీద సాయంత్రం ఎదురుగాలి తగిలేటప్పుడు ఆ పదో వంతే చాలు. ఇంకా కావాలంటే డెరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే గేరు) కంటే హబ్బు లోపలే మూడు గేర్లుండే స్టర్మీ-ఆర్చర్ తరహా హబ్బు పాత సైకిలుకు బాగా నప్పుతుంది. దాని పేరున్న పాత రకంలో కింది గేరు మధ్య గేరులో నాలుగింట మూడు వంతులు, పైది దానికంటే మూడింట ఒక వంతు ఎక్కువ. చైను వెడల్పు కూడా చూసుకోండి: ఒంటి ఫ్రీవీలుకు ⅛ అంగుళం, డెరైలర్‌కు 3/32. పాత చైను 12 జతల లంకెలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 1/16 అంగుళం సాగితే చైను మార్చాలి, ⅛ సాగితే ఫ్రీవీలు కూడా అరిగిపోయి ఉంటుంది.

సీటు ఎత్తుకు కాలి లోపలి కొలతను 0.883తో గుణిస్తే క్రాంకు మధ్య నుంచి సీటు పై దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. 80 సెంటీమీటర్ల కాలికి 70.6. ఇది మొదలుపెట్టడానికే, మీ మోకాలు చెప్పేది చివరి మాట. సీటు పిన్ను, హ్యాండిల్ కాడ మీద ఉండే హద్దు గీతను గొట్టం బయట కనిపించనివ్వవద్దు.

రంగుకు పౌడర్ కోటింగ్ మేలు. 200 డిగ్రీల దగ్గర కాల్చే ఆ వేడి, అంతకంటే ఎన్నో రెట్లు వేడి దగ్గర కరిగే ఇత్తడితో అతికిన లగ్గు (గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగు) ఫ్రేమును ఏమీ చేయదు. క్రాంకు గూడు మరలను, తల గొట్టం చివరలను టేపుతో మూయమని మాత్రం గట్టిగా చెప్పాలి. నేను చెప్పడం మరిచిపోయి, మరల్లో గడ్డకట్టిన పౌడరును రెండు గంటలు గీరాను.

మొదటి తిరుగుడు

చైను మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి, చక్రం ఎంత తిప్పినా బిగుసుకోకూడదు. బ్రేకులు రెండూ ఇంటి ముందే పరీక్షించాకే రోడ్డెక్కాలి. నేను సీతానగరం వైపు నుంచి తెల్లవారుజామున బ్యారేజీ ఎక్కాను, రద్దీ లేనప్పుడు శబ్దాలు బాగా వినిపిస్తాయని. కాటర్ పిన్నులు, చువ్వలు, కోనులు మొదటి యాభై కిలోమీటర్లలో కొంత సర్దుకుంటాయి కాబట్టి ఆ తర్వాత మళ్లీ బిగించాలి. ఏదైనా టకటకమంటే లెక్కపెట్టండి. పెడలు ఒక్క చుట్టుకు ఒక్కసారి మోగితే క్రాంకు, కాటర్ పిన్ను లేదా పెడలు. అదే సమయానికి రెండు, రెండున్నర సార్లు మోగితే చక్రం. తొక్కడం ఆపి సైకిలును దొర్లనిచ్చినా శబ్దం ఆగకపోతే హబ్బు, లేదా టైరులో గుచ్చుకున్న రాయి. నా సైకిలు మాత్రం సీటు మీద కూర్చున్నప్పుడే మోగేది, లేచి తొక్కితే ఆగేది. వారం రోజులు హబ్బులు విప్పి చూశాక, అది సీటు కింది స్ప్రింగు నట్టని తేలింది.